నలభై మంది సీక్రెట్ నంబర్లు

భద్రాచలంలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా అమ్మ రెండే ప్రశ్నలు అడిగింది. ఉండే గదికి తలుపు గట్టిదేనా, జీతం చేతికిస్తారా బ్యాంకులో వేస్తారా అని. మాది ఖమ్మం అంచున ఖానాపురం హవేలి. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, ఏడాది పాటు ఇంట్లో కూర్చుని విసిగి, దూరవిద్య నడిపే ఒక విశ్వవిద్యాలయం వాళ్ళ స్టడీ సెంటర్లో కాంట్రాక్టు ఆపరేటర్‌గా చేరాను. రెండువేల దశకం చివరి ఏళ్ళవి. సెంటర్ అంటే భద్రాచలంలోని ఒక కాలేజీ మాకు వదిలిన పొడవాటి గది. అందులో ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, కరెంటు పోతే పది నిమిషాలు ఊపిరి నిలిపే బ్యాటరీ, నేను. ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పే ఒక లెక్చరర్ గారు మా సెంటర్‌కి కోఆర్డినేటర్.

మా విద్యార్థులు మామూలు విద్యార్థులు కారు. అంగన్‌వాడీ టీచర్లు, బస్సు కండక్టర్లు, హాస్టల్ వార్డెన్లు, ఆశ్రమ పాఠశాలల్లో వంట చేసేవాళ్ళు. పగలు పని చేసుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, అప్పుడు పుస్తకం తెరిచేవాళ్ళు. ఫీజు కట్టాలంటే వాళ్ళకు ఒక రోజు పోయేది. దుమ్ముగూడెం అవతలి ఊళ్ళ నుంచి బస్సెక్కి వచ్చి, బ్యాంకు వరుసలో నిలబడి డీడీ తీసి, దాన్ని మా దగ్గర ఇచ్చి, సాయంత్రం బస్సు దొరికితే ఇల్లు, దొరకకపోతే చుట్టాల ఇల్లు. వానల్లో వాగు పొంగితే ఆ రోజు రెండు రోజులయ్యేది.

అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ఫీజు కంప్యూటర్లోనే, ఏటీఎం కార్డుతో కట్టవచ్చని. లెక్చరర్ గారు రెండుసార్లు చదివి, ముందు తన కార్డుతోనే ఒక దరఖాస్తు ఫారం ఫీజు కట్టి చూద్దామన్నారు. కార్డు మీది పదహారు అంకెలు కొట్టాను. వెనక ఉన్న మూడు అంకెలు కొట్టాను. తెర తెల్లగా అయిపోయింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. కాసేపటికి బ్యాంకు వాళ్ళ పేజీ వచ్చి సీక్రెట్ నంబరు అడిగింది. ఆయన చెప్పారు, నేను కొట్టాను. మళ్ళీ తెల్లదనం. తర్వాత ఆయన పేరుతో రసీదు వచ్చింది. అదే సమయానికి ఆయన జేబులో ఫోను మోగింది. డబ్బు తీసుకున్నామని బ్యాంకు మెసేజ్. ఆ లెక్చరర్ గారు పాతికేళ్ళుగా పాఠాలు చెప్పిన మనిషి. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి బయటి రోడ్డు వైపు చూశారు, ఆ డబ్బు ఎటు పోయిందో కనబడుతుందేమో అన్నట్టు. నాకూ అలాగే ఉంది. ఈ గదిలోంచి ఏదీ కదల్లేదు, తలుపు తెరుచుకోలేదు, అయినా హైదరాబాద్‌కి వెళ్ళి తిరిగి వచ్చింది.

నెల తిరిగేసరికి నా బల్ల ముందు వరుస మొదలైంది. ఎవరికీ ఆ పేజీలో అంకెలు కొట్టడం రాదు. కార్డు నా చేతికిచ్చి, సీక్రెట్ నంబరు గట్టిగా చెప్పేవాళ్ళు. వరుసలో పది మంది ఉన్నా సరే, అందరికీ వినబడేటట్టు. కొందరు ఆ నంబరు మర్చిపోయి, ఇంటికి ఫోన్ చేసి కనుక్కునేవాళ్ళు. అటు చెప్పేవాళ్ళు అరిచి చెప్పేవాళ్ళు, సిగ్నల్ సరిగా లేక. పోయినసారి గుర్తున్న నంబరు ఈసారి గుర్తుండేది కాదు. మూడుసార్లు తప్పు కొడితే కార్డు పనిచేయదు. ఒకామె అలా కార్డు ఆగిపోయి ఏడ్చింది. ఆ సాయంత్రమే నేను ఒక పొడవాటి నోట్‌బుక్ కొని, స్కేలు పెట్టి గళ్ళు గీశాను. పేరు, కార్డు నంబరు, వెనక మూడంకెలు, సీక్రెట్ నంబరు. అన్నీ నాలుగు గళ్ళలో, ముత్యాల్లాంటి అక్షరాలతో. మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళు మర్చిపోయినా నేను చెప్పేదాన్ని. వాళ్ళు ఎంత సంతోషపడేవాళ్ళో చెప్పలేను. మా అమ్మ బీరువా తాళంచెవి కూడా నాకిచ్చేది కాదు. ఇక్కడ నలభై మంది తమ తాళాలు నా డ్రాయరులో పెట్టి వెళ్ళారు. ఆ నోట్‌బుక్ చూసుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

ఒక రోజు మధ్యాహ్నం ఒక ఫారెస్టు వాచర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. దుమ్ముగూడెం పైన ఒక కోయ గూడెం ఆయనది. బీఏ రెండో ఏడు చదువుతున్నాడు. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, కార్డు నాకివ్వకుండా తన చేతిలోనే పట్టుకుని, ఎక్కడ కొట్టాలో చూపిస్తే తానే కొట్టుకుంటానన్నాడు. చూపించాను. తువ్వాలు తీసి కీబోర్డు మీద గుడారంలా కప్పి, నన్ను అటు తిరగమన్నాడు.

వెనక ఏడెనిమిది మంది ఉన్నారు. నాకు ముఖం వేడెక్కింది. గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఒక వేలితో ఒక్కో అంకె వెతికి కొడుతున్నాడు. పేజీ అంతసేపు ఆగదు, మళ్ళీ మొదటికొచ్చింది. రెండోసారీ అంతే. వెనకవాళ్ళు గొణుగుతున్నారు. మూడోసారికి పని అయింది. రసీదు ఇస్తూ ఉండబట్టలేక అడిగాను.

"నా మీద నమ్మకం లేదా బాబాయ్?"

ఆయన రసీదు మడిచి జేబులో పెట్టుకుని, నెమ్మదిగా అన్నాడు. "నమ్మకం లేక కాదు బిడ్డా. నీకు తెల్వకపోతేనే నీకు మంచిది. రేపు నా పైసలు ఏమన్నా అయితే, నీ దిక్కు ఎవరూ చూడొద్దు."

నాకు అర్థం కాలేదు. అప్పుడే ఆయన చూపు తెరిచి ఉన్న నోట్‌బుక్ మీద పడింది. అదేందని అడిగాడు. గర్వంగానే చెప్పాను. డ్రాయరుకు తాళం ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఈ గది తాళంచెవులు ఎంతమంది దగ్గరున్నాయని అడిగాడు. వాచ్‌మన్, ఊడ్చే ఆమె, లెక్చరర్ గారు, నేను. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

తర్వాత తన సంగతి చెప్పాడు. కుర్రతనంలో ఒక కలప డిపోలో రోజు కూలికి కాపలా చేసేవాడట. అక్కడి గుమాస్తా పెళ్ళికి వెళ్తూ, రెండు రోజులు నీ దగ్గర ఉంచు అని గేటు తాళంచెవి ఇచ్చి వెళ్ళాడు. తనను నమ్మి ఇచ్చినందుకు ఈయన మొలతాడుకు కట్టుకుని తిరిగాడు. ఆ రెండు రోజుల్లో టేకు దుంగలు పోయాయి. అసలు దొంగలు కంచె కోసి లోపలికి వచ్చారని తేలడానికి ఆరు నెలలు పట్టింది. అంతవరకూ ఈయనకు పని లేదు, ఊళ్ళో ముఖం లేదు. "తీసినోళ్ళు దొరికిండ్రు. గని ఆ ఆర్నెల్లు నాకు ఎవలు తిరిగిస్తరు?" అన్నాడు. కోపంగా కాదు, వానలు ఆలస్యమయ్యాయని చెప్పినట్టు చెప్పాడు. లేచి వెళ్తూ మాత్రం, తన కూతురైతే ఆ బుక్కు ఇవాళే పొయ్యిలో పెట్టమని చెప్తానన్నాడు.

నేను పెట్టలేదు. ముసలాయన అనుమానం అనుకున్నాను.

రెండు వారాలు గడవలేదు. బూర్గంపాడు నుంచి ఒక అంగన్‌వాడీ టీచర్ వచ్చింది. నెమ్మదైన మనిషి, ఎప్పుడూ నా కోసం ఏదో ఒకటి సంచిలో తెచ్చేది, జామకాయలో, ఉడికించిన వేరుశనగలో. ఆ రోజు పాస్‌బుక్ తెచ్చింది. ఖాతాలో చాలా డబ్బు పోయింది. తాను ఆ కార్డుతో ఎక్కడా ఏమీ కొనలేదని, మా దగ్గర ఫీజు కట్టడం తప్ప దాన్ని బయటికి తీయలేదని లెక్చరర్ గారితో చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆయన నా డ్రాయరు తెరిచారు. నోట్‌బుక్ తీసి ఒక్కో పేజీ తిప్పారు. ఆమె పేరు ఎదురుగా నాలుగు గళ్ళూ నిండి ఉన్నాయి, నా ముత్యాల్లాంటి అక్షరాలతో.

గదిలో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. నిన్నటిదాకా అక్కా, మేడం అన్నవాళ్ళే. ఒకాయన తన కార్డు ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. నాకు తెలిసి అతను కావాలని చేయలేదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఇన్నేళ్ళకీ ఆ చెయ్యి నాకు కనబడుతుంది.

లెక్చరర్ గారు విశ్వవిద్యాలయానికి ఫోన్ చేశారు. అక్కడి నుంచి ఎవరో ఒకరు వచ్చేదాకా కంప్యూటర్ ముట్టవద్దని నాకు చెప్పారు. మూడు రోజులు ఖాళీ బల్ల ముందు కూర్చున్నాను. ఇంటికి ఫోన్ చేయలేదు. చేస్తే మా అమ్మ నా గొంతు విని పట్టేస్తుంది. వాచర్ చెప్పిన ఆరు నెలలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

నాలుగో రోజు పొద్దున హైదరాబాద్ బస్సు దిగి ఒకామె నేరుగా మా సెంటర్‌కి వచ్చింది. విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగంలో ఇంజనీరు. నాకంటే ఐదారేళ్ళు పెద్దదేమో. ఆమె గట్టిగా అడుగుతుందని, అరుస్తుందని అనుకున్నాను. కాళ్ళూ చేతులూ కడుక్కుని, టీ తెప్పించుకుని, నాకూ ఒక గ్లాసు ఇచ్చి, నా పక్కనే కూర్చుంది. నోట్‌బుక్ చూసి, ఇది ఎవరు రాయమన్నారని అడిగింది. ఎవరూ చెప్పలేదు, వాళ్ళు మర్చిపోతున్నారని రాశానన్నాను. తల ఊపింది. కంప్యూటర్‌లో ఏవో తెరిచి చూపించింది. కార్డు నంబరు మొదటి అంకె కొట్టగానే కింద పది మంది నంబర్లు వరుసగా వచ్చి పడ్డాయి. "గుర్తుపెట్టుకోవాలా" అని ఆ యంత్రం అడిగినప్పుడల్లా నేను అవునని నొక్కాను. నా నోట్‌బుక్ లాంటిదే ఇంకోటి అది కూడా రాసుకుంటోందని నాకు తెలియదు.

ఆ తర్వాత విశ్వవిద్యాలయం వైపు ఏముందో తెరిచింది. ఆ టీచర్ పేరు, కట్టిన ఫీజు, కట్టిన రోజు, గంట, నిమిషం, ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో ఆ గుర్తు. కార్డు నంబరు ఉండాల్సిన చోట పన్నెండు చుక్కలు, చివర నాలుగు అంకెలు.

మిగతావి ఎక్కడున్నాయని అడిగాను.

మా దగ్గర లేవంది. కార్డు నంబరు ఇక్కడి నుంచి బయల్దేరేటప్పుడే గిలక్కొట్టిన అంకెలైపోతుందనీ, మధ్యలో ఎన్ని తీగల మీదుగా ఎన్ని ఊళ్ళు దాటినా ఎవరికీ అది చదవరాదనీ, చివర్న బ్యాంకు లోపల మాత్రమే తిరిగి నంబరవుతుందనీ చెప్పింది. విశ్వవిద్యాలయానికి అందేది కట్టారా లేదా అన్న మాట ఒక్కటే.

గిలక్కొట్టినదాన్ని ఎవరైనా సరిచేసుకోలేరా అన్నాను. నవ్వి, కాగితం మీద రెండు సంఖ్యలు రాసింది. ఎనభై తొమ్మిది, తొంభై ఏడు. గుణించమంది. అర నిమిషంలో చేశాను. తర్వాత ఇంకో కాగితం మీద ఏడువేల మూడువందల ఎనభై ఏడు అని రాసి, ఏ రెండు సంఖ్యల్ని గుణిస్తే ఇది వస్తుందో చెప్పమని, తాను ఆ టీచరమ్మను తీసుకుని బ్యాంకుకు వెళ్ళింది.

నేను ఆ కాగితంతో కూర్చున్నాను. మూడుతో భాగించాను, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో. నా భవిష్యత్తు బ్యాంకులో ఎవరో చూస్తున్నారు, నేనిక్కడ భాగహారాలు చేస్తున్నాను. విచిత్రంగా ఆ భాగహారాలే నన్ను నిలబెట్టాయి. మూడు కాగితాలు నిండాక ఎనభై మూడు దగ్గర సరిగ్గా తెగింది. అవతలి సంఖ్య ఎనభై తొమ్మిది. చెయ్యి నొప్పి పుట్టింది. నాలుగు అంకెల దానికే ఇంతసేపు. ఆ పేజీ వెనక తాళంగా వాడే సంఖ్యలో అంకెలు వందల్లో ఉంటాయనీ, ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కూర్చున్నా మన జీవితాల్లో అది తెగదనీ ఆమె తర్వాత చెప్పింది. కలపడం అర నిమిషం, విడదీయడం ఒక జీవితానికి చాలదు. బళ్ళో పన్నెండేళ్ళు ఎక్కాలు చదివాను. వాటిలో ఇంత గట్టి తలుపు ఉందని నాకెవరూ చెప్పలేదు. ఆ కాగితాల్ని చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

మధ్యాహ్నం దాటాక ఇంజనీరు ఒక్కతే తిరిగి వచ్చింది. చేతిలో టీచరమ్మ సంతకం చేసిన కాగితం ఉంది. తన డబ్బు ఫీజు పేజీ ద్వారా పోలేదనీ, స్టడీ సెంటర్ ఆపరేటర్‌కి దీనితో సంబంధం లేదనీ బ్యాంకులో తనకు తెలిసిందనీ నాలుగు వాక్యాలు. డబ్బు ఆమె ఇంట్లో ఉండే అసలు కార్డుతోనే, ఒక ఏటీఎం దగ్గర తీశారట. లెక్చరర్ గారికి ఆ కాగితం ఇచ్చి, గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, ఈ అమ్మాయి తప్పు లేదని తేలిందని చెప్పింది. అందరూ వెళ్ళాక అడిగాను.

"మరి తీసిందెవరు మేడం?"

"నేను అడగలేదు."

నేను నమ్మలేనట్టు చూశాను. అంత దూరం వచ్చి, బ్యాంకు దాకా వెళ్ళి, అడగలేదా?

"మేనేజర్ ఆమెతో లోపల మాట్లాడాడు. నేను బయట కూర్చున్నా. మనకు కావాల్సింది మన పేజీ నుంచి పోయిందా లేదా అన్నదే. అది తెలిసింది. మిగతాది ఆమె సొంత విషయం."

బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం ఎలా ఉందని అడగబోయి ఆగిపోయాను. అది కూడా ఆమె సొంతమే అనిపించింది. ఎవరో దగ్గరివాళ్ళే తీశారని, ఇంట్లో మనిషేనని తర్వాత వరుసలో అనుకున్నారు. వరుసలో ఎన్నో అనుకుంటారు. నిజంగా ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ పేజీ వెనక ఉన్న లెక్కలు చూసి ఎంత ఆశ్చర్యపోయానో, తెలుసుకునే వీలుండి కూడా బయట బెంచీ మీద కూర్చుండిపోయిన ఆ మనిషిని చూసి అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

నోట్‌బుక్ సంగతి ఆమె వదిలిపెట్టలేదు. దొంగతనం చేయలేదు సరే, చేయడానికి కావలసినదంతా అందరికీ అందే చోట పేర్చిపెట్టావు అంది. ఆ మాట పడ్డాను. పడవలసిందే. కాలేజీ వెనక ఎండుటాకులు తగలబెట్టే గుంటలో, లెక్చరర్ గారి ఎదుట, దాన్ని పేజీ పేజీ చించి కాల్చాం. కాల్చే ముందు ఆమె చెప్పినట్టు పేర్లు మాత్రం వేరే కాగితం మీదికి ఎక్కించాను. నలభై ఒక్క మంది. వాళ్ళందరినీ కలిసి సీక్రెట్ నంబరు మార్చుకోమని చెప్పడం నా పని. వాచర్ పేరు అందులో లేదు.

ఆ పని రెండు నెలలు పట్టింది. ఫోన్ ఉన్నవాళ్ళకు ఫోన్ చేశాను. లేనివాళ్ళ కోసం ఆదివారాలు బస్సెక్కాను. ఊళ్ళో దిగి, ఫలానా మనిషి ఎక్కడని అడిగితే, ఎందుకని అడిగేవాళ్ళు. కార్డు సంగతని చెప్పకుండా, చదువు పని మీద అనేదాన్ని. ఒకచోట అది కూడా చెప్పకూడదని తెలిసింది. ఆ ఇల్లాలు డిగ్రీ చదువుతున్నట్టు అత్తగారికి తెలియదు. నేను వాకిట్లో నిలబడి చదువు మాట ఎత్తగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. అంగన్‌వాడీ లెక్కల కోసం వచ్చానని మాట మార్చాను. నన్ను బస్సు దాకా సాగనంపే వంకతో వెంట వచ్చి, దారిలో చెప్పింది. డీడీల కాలంలో బ్యాంకులో పేరు పెట్టి పిలిచేవాళ్ళు, ఎవరో ఒకరు వినేవాళ్ళు. ఈ కంప్యూటర్ వచ్చాకే ఎవరికీ తెలియకుండా పరీక్షకు కట్టగలిగిందట. "పాసైనంక నేనే చెప్త. గప్పటిదాంక ఇది నాదే ఉండనీ అక్కా," అంది.

అప్పటిదాకా రహస్యం అంటే డబ్బు పోకుండా కాపాడుకునేది అనే అనుకున్నాను. ఒక మనిషి తనకంటూ పెంచుకుంటున్నదాన్ని పదిమంది తొక్కకుండా దడి కట్టుకోవడం కూడా రహస్యమేనని ఆ మట్టి దారిలో తెలిసింది. అంతకాలమూ నేను ఎంతమంది రసీదులు బల్ల మీద అందరికీ కనబడేలా పరిచి పెట్టానో తలుచుకుంటే సిగ్గేసింది.

మరుసటి వారం నుంచి వరుసను తలుపు బయటికి జరిపాను. ఒక్కొక్కరే లోపలికి. తెర కూర్చున్నవాళ్ళకే కనబడేలా తిప్పాను. అంకెలు వాళ్ళే కొట్టుకోవాలి, ఎంతసేపైనా సరే. మొదట తిట్టుకున్నారు. మేడంకి పొగరొచ్చిందన్నారు. ఒక ప్లైవుడ్ ముక్క మీద పాత కీబోర్డు ఒకటి బిగించి బయట బెంచీ మీద పెట్టాను, తమ వంతు వచ్చేదాకా వేళ్ళకు అలవాటు చేసుకోమని. గరిట పట్టిన చేతులూ టికెట్లు చింపిన చేతులూ ఆ తీగ లేని కీబోర్డు మీద నెమ్మదిగా అంకెలు వెతుక్కునేవి. ఏడాది తిరిగేసరికి నన్ను ఏమీ అడగకుండా పని ముగించుకుని, లేచి, రసీదు తామే మడుచుకుని వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు.

బూర్గంపాడు టీచరమ్మ మళ్ళీ చాలా రోజులకు వచ్చింది. నేను తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాను. లోపల ఎంతసేపు కూర్చుందో. బయటికి వచ్చినప్పుడు కొత్త కార్డు పర్సులో పెట్టుకుంటూ ఉంది. ఆ రోజుల గురించి ఆమె ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడో ఏడు పరీక్షలు ఎప్పుడని అడిగింది. తేదీలు ఇంకా రాలేదని చెప్పాను. కాసేపు మెట్ల మీద కూర్చుని, ఎకనామిక్స్ ఈసారి గట్టెక్కుతానంటావా అని అడిగింది. ఎక్కుతావక్కా అన్నాను. ఎక్కింది కూడా.